కుండపెంకు

కుండను తాబేలు తన్నిందట.
పొయ్యిమీద, ఉప్పు వేయకముందే,
వెనక్కాలితో ఒక్క తన్ను.
చారంతా బూడిదపాలు.
అప్పటినుంచీ మా తాండ్రోయ్ వాళ్లకు
తాబేలు నోటికి రాదు.
మా యాసలో ఫాలి అంటాం.
ఆ మాట అన్నాక
ఎందుకని ఎవరూ అడగరు.

నేను అడిగాను.
తొమ్మిదేళ్లదాన్ని, ఆకలిదాన్ని.

ఆ ఏడు వాన లేదు. అంతకుముందేడూ లేదు.
నాగజెముడు పళ్లు అయిపోయాయి.
ముళ్లు కాల్చి మట్టలు ఎద్దులకు పెట్టాం,
ఎద్దులూ అయిపోయాయి.
పులుపు విరగడానికి చింతపండులో
తెల్లమట్టి పిసికి ముద్దలు చేసేది అమ్మ.
మట్టి కరగదు. అంగిలికి అంటుకుని
మాట్లాడనివ్వదు.
నోట్లో ఆ ముద్దతో గుమ్మంలో కూర్చుంటే
మా ముందునుంచే పోయేది తాబేలు,
ఇసకలో పొట్ట ఈడ్చుకుంటూ,
వీపంతా పసుప్పచ్చ చారలతో,
మాకేసి కన్నెత్తయినా చూడకుండా.
ఊళ్లో ఇంకే ప్రాణికీ అంత ధీమా లేదు.

అది సమాధుల దగ్గర మేస్తుంది,
మైలది, అన్నాడు చిన్నాన్న వెలుంద్రజా.
కోళ్లదొడ్లో ఒకటుంటే తెగులు రాదు,
అందుకని, అంది అమ్మ.
ఉత్తరాదినుంచి వచ్చిన పంతులుగారు
బోర్డుమీద సుద్దతో లెక్కే వేశారు:
ఇది ఎదగడానికి ఇన్నేళ్లు, పెట్టే గుడ్లు ఇన్ని,
పరుగెత్తలేనిదాన్ని తినడం మొదలెడితే
ఒక్క కరువుకు ఒకటీ మిగలదు,
మీ పెద్దలు తెలివైనవాళ్లు.
చప్పట్లు కొట్టే ఓపిక లేక ఊరుకున్నాం.

కారణాలన్నీ బాగానే ఉన్నాయి,
మంచం కింద దొరికిన చెప్పుల్లా.
ఏ రెండూ జత కాలేదు.

ఆ రాత్రి నాయనమ్మ సాంబెసువా
తన బట్టలమూట అడుగునుంచి
అరచేయంత పెంకు తీసింది.
ఒకవైపు ఎరుపు, ఒకవైపు మసి.

"నాకో తమ్ముడుండేవాడు.
పేరు చెప్పను, పోయినవాళ్ల పేరు ఫాలి.
వాడికోసం ఒకదాన్ని వండాను.
గాలి సముద్రంవైపు మళ్లిన రాత్రి చూసి వండాను,
వాసన ఇళ్లమీదికి పోకుండా.
వాడు తిన్నాడు. నేనూ తిన్నాను.
ఎలా ఉందని అడగవేం?"

అడిగాను.

"బాగుంది," అంది నాయనమ్మ.
"అదే వచ్చింది చిక్కు."

చాలాసేపు పెంకును బొటనవేలితో రుద్దింది.

"మూడోనాడు వాడు పోయాడు.
తిన్నందుకో, ఆలస్యంగా తిన్నందుకో.
కుండను రాయితో కొట్టాను.
ఏమైందే అంది అమ్మ.
తాబేలు తన్నిందన్నాను."

అయితే ఆ కథ నువ్వు కట్టిందా?

"నేనెక్కడ! మా ముత్తవ్వనాటికే పాతది.
అమ్మ నమ్మలేదు.
నమ్మినట్టు తలూపి
పెంకులు ఏరడానికి నా పక్కన కూర్చుంది.
ఎంత నేర్పుగా ఏరిందనుకున్నావ్,
చీకట్లో, వేలికి ఒక్క గాటు పడకుండా.
అప్పుడు తెలిసింది నాకు,
ఆవిడ మూటలోనూ ఒకటుందని."

ఎవరో ఒకరు ముందు తినే ఉంటారు.
తినందే ఇంత గట్టిగా వద్దనలేరు.

ఇప్పుడు రాత్రిళ్లు లారీలొస్తాయి.
మొన్న బాటమీద ఒకటి పట్టుబడితే
పోలీసులు గోతాలు విప్పారు.
ఒకదానిమీద ఒకటి పేర్చిన తాబేళ్లు,
కాళ్లు గాలిలో ఆడిస్తూ,
తన్నడానికి ఏ కుండా అందక.

అమ్మా, మనమెందుకు తినం? అన్నాడు నా కొడుకు.
పొయ్యి చూపించి, కాలు విదిలించి
కుండ కథ చెప్పాను. పకపకా నవ్వాడు.
పెంకు చూపించలేదు.
చిన్నవాడు, ఏడేళ్లే.

బయట ఆకాశం చూసొచ్చి పడుకున్నాను.
ఈ ఏడూ మబ్బు లేదు.